ఒడ్డునే ఆగిన సంఘం

భద్రాచలం నుంచి గోదావరి ఎడమ గట్టున చర్ల దారి పట్టి పోతే పాతిక కిలోమీటర్ల చిల్లరకు దుమ్ముగూడెం వస్తుంది. పర్ణశాలకు పోయే భక్తుల బస్సులు ఆ దాపు నుంచే పోతాయి. నదికి అడ్డంగా పాత రాతి ఆనకట్ట, దాని పక్కన కాలవ, లాకుల ఆనవాళ్లు అక్కడ ఇంకా కనిపిస్తాయి. కాటన్ దొర నాటి కట్టడమని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఆ రాళ్లు మోసిన చోటే, ఆ రాళ్లు పేర్చిన వాళ్ల మధ్యే ఒక క్రైస్తవ సంఘం పుట్టిందనీ, తాను ఎవరికోసం బతకాలో పుట్టినరోజునే పేరు పెట్టి చెప్పుకుందనీ, చివరికి వాళ్ల గడప దాటలేకపోయిందనీ చెప్పేవాళ్లు తక్కువ. ఆ సంఘం కథ ఇది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ కన్ను ఎగువ గోదావరి మీద పడింది. నాగపూర్, బేరారు నేలల్లో పండే పత్తి ఎడ్ల బండ్ల మీద నెలల తరబడి పడమటి తీరానికి పోయేది. అదే పత్తి వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో దిగితే తూర్పు సముద్రం చేరుతుంది. ఆయన దగ్గర పనిచేసిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ నదిని కొలిచి 1856లో నివేదిక రాశాడు. దారిలో మూడు చోట్ల రాతి గుట్టలు నదిని అడ్డగిస్తున్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది సిరొంచ దిగువన ఇంచంపల్లి దగ్గర, మూడోది ఇంకా పైన దేవలమర్రి దగ్గర. ఒక్కొక్క అడ్డు దగ్గర ఆనకట్ట కట్టి, పక్కన కాలవ తవ్వి, లాకుల ద్వారా పడవలను ఎక్కించి దించాలన్నది ఆలోచన. 1860లో నిజాము గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ అలా చేతులు మారాయి. దాంతో నది పనికి దారి తెరుచుకుంది.

చేతులు మారకముందు ఆ అడవి ఎలా ఉండేదో తెలిస్తేగానీ ఆ సంఘం మొక్కుకున్న మొక్కు బరువు తెలియదు. దుమ్ముగూడెంలో దశాబ్దాల పాటు పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్, కోయలు తనతో చెప్పుకున్న మాటలను ఆ తర్వాతి కాలంలో కాగితం మీద పెట్టాడు. భద్రాచలం జమీందారులైన అశ్వారావు వంశంవాళ్లు రొహిల్లాల దండును పెట్టుకునేవారు. జీతం పేరుకే. ఊళ్లమీద పడి దోచుకోవడమే ఆ దండుకు బతుకుతెరువు. ఇరవై అయిదు కోయ ఊళ్లు కలిస్తే ఒక సముతు. భద్రాచలం తాలూకాలో పది సముతులు, ఏరు దాటితే అదే అశ్వారావు వంశం ఏలుబడిలో మరో పది. నెలకొక సముతు వంతున వందమంది కోయలు వెళ్లి రొహిల్లాల మూటలు మోయాలి, వందమంది మాదిగలు గుర్రాలను చూడాలి. ఆ నెల్లాళ్ల బత్తెం కూడా ఎవరిది వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఆల్బాక, చర్ల, నూగూరు చిన్న దొరలదీ అదే తీరు. కోయ స్త్రీల ఒంటిమీది కోకలు కూడా లాగేసి నవ్వేవారట. రాత్రి పడుకుంటే తెల్లారేలోపు ఇల్లు తగలబడుతుందో ఉంటుందో తెలియని భయం. పండించిన గింజను గుహల్లో, పెద్ద చెట్ల తొర్రల్లో దాచుకునేవారు.

తన గింజను తన గుడిసెలో పెట్టుకోలేని మనిషి దగ్గరికి ఒక కొత్త మనిషి వచ్చి, నేను నిన్ను దోచుకోవడానికి రాలేదు అంటే నమ్మడానికి ఎంత కాలం పడుతుంది? ఆ సంఘం ముందున్న అసలు ప్రశ్న అదే. దానికి జవాబు మాటల్లో లేదు, కలిసి బతికే బతుకులో ఉంది. మొదట్లో వచ్చినవాళ్లకు అది తెలుసనే నేను నమ్ముతాను.

హేగ్ తన దేవుణ్ణి ఆదివారానికి మాత్రమే దాచిపెట్టుకునే మనిషి కాదు. కాటన్ లాగే గాఢమైన విశ్వాసి. దుమ్ముగూడెం పనుల దగ్గర రాయి కొట్టేవాళ్లు, సున్నం కాల్చేవాళ్లు, పడవలవాళ్లు, గుమాస్తాలు, సిపాయిలు అందరూ ఒక శిబిరంగా పోగయ్యారు. ఆ శిబిరంలో ప్రార్థన మొదలైంది. పనివాళ్లకు తిండిగింజలు, సరుకులు సమకూర్చే శాఖను చూసే వెంకటరామరాజు అనే రాజుల కులం ఉద్యోగి హేగ్ ప్రభావంతో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. 1860 దాటిన తొలి రోజులవి. అప్పట్లో ఆ కులంలో పుట్టినవాడు ఆ పని చేస్తే ఇంట్లో బతికుండగానే చచ్చినవాడి కింద లెక్క. రాజు అక్కడితో ఆగలేదు. సర్కారు కొలువు వదిలిపెట్టి కోయల మధ్య పనికి ఒప్పుకున్నాడు. మచిలీపట్నం, ఏలూరు, బెజవాడల్లో అప్పటికే పాతుకుని ఉన్న చర్చి మిషనరీ సొసైటీ (సీఎంఎస్) ఈ పనిని తనలో కలుపుకుంది. దానికి పెట్టుకున్న పేరే కోయ మిషన్. మైదానంలో మిషన్లకు పట్నాల పేర్లుండేవి. దీనికి మాత్రం ఒక జాతి పేరు పెట్టారు. ఎవరికోసం వచ్చామన్నది మరిచిపోవడానికి వీల్లేకుండా.

ఆ తొలి సంఘాన్ని తలచుకున్నప్పుడల్లా నన్ను కట్టిపడేసేది అందులోని కలగలుపు. ఇంగ్లీషు ఇంజనీరు, రాజుల ఇంటివాడు, మైదానం నుంచి కూలికి వచ్చిన మాల కుటుంబాలు ఒకే కప్పు కింద మోకరించారు. ఆ రోజుల గోదావరి జిల్లాలో వీళ్లంతా ఒకే బావిలో నీళ్లు తోడుకునే వీలులేదు. నది పని వాళ్లను దగ్గర చేర్చింది, ప్రార్థన కూర్చోబెట్టింది. ఇక మిగిలింది అడవి.

నది పని మాత్రం మొదటి నుంచీ గండాల్లోనే నడిచింది. మన్యం జ్వరం కూలీలను పట్టి పీడించింది. వానలు తగ్గి నది దిగిన నెలల్లోనే రాతిపని సాగాలి, సరిగ్గా ఆ నెలల్లోనే చలిజ్వరాలు మనుషుల్ని మంచాన పడేసేవి. మైదానం నుంచి తెచ్చిన కూలీలు తిరిగి పారిపోయేవారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైనప్పుడు గోదావరి దారి మీద ఆశలు ఆకాశాన్నంటాయి. 1865లో ఆ యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. ఏ పత్తి కోసం నదిని తొలుస్తున్నారో ఆ పత్తి రైలెక్కి పడమటికి పోయింది. సుమారు 7 లక్షల పౌండ్లు నీళ్లలో పోశాక, పెట్టినదానికి తగ్గ రాబడి రాదని తేల్చి 1871లో సర్కారు పని ఆపేసింది. ఎగువన రెండో అడ్డు, మూడో అడ్డు అలాగే ఉండిపోయాయి. నాగపూర్ నుంచి సముద్రం దాకా ఆవిరి పడవ అన్న మాట కాగితాల్లోకి పోయింది.

శిబిరం చెదిరింది. ఇంజనీర్లకు బదిలీలయ్యాయి, కూలీలు ఇళ్లదారి పట్టారు. జీతాలు లేవు, సంతలు పలచబడ్డాయి. అదే వేరే చోటయితే ప్రార్థన కూడా జీతాలతో పాటే ఆగిపోయేది. దుమ్ముగూడెంలో ఆగలేదు. రాజు ఉన్నాడు. ఆయన చుట్టూ కొన్ని కుటుంబాలు ఉండిపోయాయి. పని పోయిన చోట, జ్వరాల చోట, బంధువులకు దూరంగా, పత్తి కోసం కాక కోయల కోసం ఉంటామని నిలబడ్డారు. ఆ సంఘం చరిత్రలో నిండు ఘడియ ఏదని అడిగితే 1871నే చూపిస్తాను. అప్పటికి వాళ్ల దగ్గర బడి లేదనుకున్నా, డబ్బు లేదనుకున్నా, ఉండడమన్న ఒక్క పని చేశారు. తన సముతు వంతు తీరగానే ఊరు చేరుకోవాలని తపించిన కోయకు, వంతు లేకుండా ఉండిపోయిన మనిషి విలువ తెలిసే ఉంటుంది.

1870ల్లో జాన్ కెయిన్ వచ్చాడు. వచ్చినవాడు చేసిన మంచి పని, ముందు వినడం. కోయ భాష నేర్చుకున్నాడు. 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వరసగా రాశాడు. కోయల్లో రాచ కోయలెవరో, లింగధారులెవరో, కమ్మర కోయలెవరో, గట్టులనే వంశశాఖల్లో ఏ గట్టువాళ్లు ఏ గట్టువాళ్లకు పిల్లనిస్తారో, చచ్చిపోయినవాడి చేతిలో ఆవు తోక ఎందుకు పెడతారో, బస్తరు మెట్ట నుంచి దిగివచ్చామని పెద్దలు చెప్పే కథ ఏమిటో అన్నీ ఎక్కించాడు. తర్వాత ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ దేశపు కులాలు, తెగల మీద వేసిన సంపుటాల్లో కోయల అధ్యాయం చాలామటుకు కెయిన్ చెప్పిందే. రొహిల్లాల దోపిడీ మనదాకా చేరింది కూడా ఆయన చెవి వల్లనే. రాసినవాడి కళ్లద్దాలు ఇంగ్లీషువే, ఆ చూపులో పెద్దరికం ఉంది. అయినా కోయ మనిషి తన భయాన్ని ఆయన ముందు విప్పి చెప్పుకున్నాడంటే గడప దగ్గరి దాకా నమ్మకం వచ్చిందన్నమాట.

హేగ్ కూడా తిరిగొచ్చాడు. జనరల్ హోదాతో కొలువు చాలించిన మనిషి 1880ల్లో తన పాత రాళ్ల దగ్గరికే వచ్చి కొంతకాలం మిషన్ పని చూసుకున్నాడు. నది ఓడించిన ఇంజనీరు, ఆ నది ఒడ్డునే మళ్లీ నిలబడి కోయ మాటలు కూడబలుక్కున్నాడు. ఆ దశకంలోనే లూకా సువార్త కోయ భాషలోకి వచ్చింది. అంతవరకు అచ్చు ఎరుగని భాష అది. దాన్ని మాట్లాడేవాళ్ల పేర్లు సర్కారు దస్త్రాల్లో బేగారి లెక్కల్లోనో పన్ను లెక్కల్లోనో తప్ప కనిపించేవి కావు. అలాంటి భాషను పుస్తకానికి తగినదిగా ఎంచడం చిన్న గౌరవం కాదు. సంఘం తన మొక్కుకు అన్నిటికంటే దగ్గరగా వెళ్లిన రోజులవే.

అయినా కోయలు రాలేదు. వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత.

ఎందుకు రాలేదన్నదానికి మొండితనమనీ, అజ్ఞానమనీ తేలిగ్గా రాసేశారు చాలామంది. కోయ ఊరి ఏడాదిని ఒకసారి దగ్గర నుంచి చూడండి. వేసవి చివర భూమి పండుగ అయితేగానీ ఎవరూ విత్తనం చల్లరు. పండుగ నాడు ఊరి మగవాళ్లంతా కలిసి వేటకు పోవాలి. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. వేటాడిన మాంసం ఇంటింటికీ వాటా పడుతుంది, ఊరుమ్మడి మొక్కు తీరాక విత్తనం పొలానికి పోతుంది. ఇప్పపువ్వు ఏరడానికీ, కొత్త చిక్కుడు తినడానికీ, కొత్త ధాన్యం వండడానికీ అన్నిటికీ ముందు ఊరు ఊరంతా పండుగ చేసుకోవాలి. ఒక్క మనిషి బాప్తిస్మం పుచ్చుకుని, నేను ఆ మొక్కులో ఉండనంటే అతని విత్తనం ఏ నేలలో పడాలి? అతని వాటా మాంసం ఎవరు పంచాలి? చచ్చిపోతే మోసేదెవరు, ఏ గట్టువాళ్లు? ఆ ఊళ్లో దేవుణ్ణి మార్చుకోవడమంటే ఒక్కడి మనసు మారడం కాదు, ఊరి ఉమ్మడిలోంచి ఒక వేరు తెంపుకోవడం. వాళ్లది అప్పటికే ఒక సంఘం. దాని ఉద్దేశం, కట్టుబాటు, పంపకం మన పుస్తకాలకంటే పాతవి.

అడవికి ముందు నుంచీ ఒక అనుభవం ఉంది కూడా. భద్రాద్రి రాముడి విగ్రహం మొదట పోకల దమ్మక్క అనే కోయ స్త్రీకే దొరికిందని స్థలపురాణం చెబుతుంది. ఆ తర్వాత గుడి కట్టిన గోపన్న పేరు, కట్టించిన సొమ్ము, పెట్టిన నగలు అందరికీ తెలుసు. దమ్మక్క వంశం ఆ గుడి నిర్వహణలో ఎక్కడుందో వెతకాలి. కోయల చేతి నుంచి మొదలైన దాన్ని వేరేవాళ్లు ఏలడం ఆ నేలకు కొత్త కాదు.

వచ్చినవాళ్లు ఎవరంటే, నది ఒడ్డు ఊళ్లలో ఉండే మాలలు, మైదానం నుంచి పనికొచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. వాళ్లకు సంఘం ఏమిచ్చిందో తక్కువ చేసి చెప్పడానికి నాకు మనసొప్పదు. చదువు ఇచ్చింది. ఊరి చావడి గుమ్మం తొక్కనివ్వని బిడ్డ పలక పట్టుకున్నాడు. కెయిన్ దొరసాని ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పింది. పాలకొల్లు, నరసాపురాల్లో లాగా దుమ్ముగూడెంలోనూ వేళ్ల సందుల్లో నూలు పూలు పూచాయి. కూలి రోజుల్లేని నెలల్లో ఆ డబ్బు ఇల్లు నడిపింది. ఉపదేశి ఇంటి అరుగు మీద సాయంత్రపు ప్రార్థన జరిగేది, కొత్త పంట చేతికొచ్చాక కోత పండుగకు మొదటి కానుక గుడికి చేరేది. ఈ బతుకంతా నిజమైనదే. ఇలా వచ్చినవాళ్లు సంఘానికి రెండో రకం మనుషులు కాదు, సంఘమంటే వాళ్లే.

కానీ వాళ్ల రాకతో ఒక మార్పు ఎవరూ తలపెట్టకుండానే జరిగిపోయింది. ప్రార్థన తెలుగులో, పాట తెలుగులో, బడి తెలుగులో. కోయ సువార్త చదవగలిగే కోయ ఎక్కడా లేడు, చదవగలిగే మాల పిల్లవాడికి అది అవసరం లేదు. ఒక తరం గడిచాక కోయ నేర్చుకునే పాదిరి అరుదయ్యాడు. సంత రోజున ఉప్పుకీ, గుడ్డకీ దిగివచ్చే కోయతో తెలుగులో మాట్లాడితే సరిపోతుందనిపించింది. సంతకు సరిపోయే మాట చావుకి, పెళ్లికి, విత్తనానికి సరిపోదు. దుమ్ముగూడెం పతనం ఎక్కడ మొదలైందని అడిగితే నేను చూపించే చోటు అదే. దానికి తేదీ లేదు, ఉత్తర్వు లేదు. 1871లో సర్కారు పని ఆపినప్పుడు కనీసం కాగితం వచ్చింది.

అంతకు ముందే అడవిలో ఇంకో దెబ్బ తగిలింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. అంతవరకు పోడు కొట్టుకోవడానికి గొడ్డలికి నాలుగణాలు కడితే చాలు, ఎక్కడ కొట్టుకున్నా అడిగేవాడు లేడు. మద్రాసు వాళ్లు ఆ పన్ను మూడింతల దాకా పెంచారు, కొన్ని అడవుల్లో అడుగే పెట్టొద్దన్నారు. 1879లో రంప ఫితూరీ లేచినప్పుడు రేకపల్లి ఊరికే అంటుకోలేదు. దొర అన్నవాడు ఏ మొహంతో వచ్చినా చివరికి గొడ్డలికి పన్ను వేసేవాడేనన్న తెలివి ఆ ఏడాదితో అడవికి ఖాయమైపోయింది. బైబిలు పట్టుకున్న తెల్లవాణ్ణీ, ఫారెస్టు గుర్తు పెట్టుకున్న తెల్లవాణ్ణీ వేరు చేసి చూడమని పోడు కాలిన మనిషిని అడగడం కష్టం.

డోర్నకల్ సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సభలో ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడాయన. ఖమ్మం సరిహద్దున డోర్నకల్‌లో చిన్న డయాసిస్‌తో మొదలుపెట్టాడు. 1920ల నాటికి సీఎంఎస్ తెలుగు మిషన్లన్నీ ఆయన కిందికి వచ్చాయి, దుమ్ముగూడెం కూడా. బాప్తిస్మం పుచ్చుకున్న ప్రతి మనిషీ తన చెయ్యి తన తలమీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు మాటను తన నోటితో అనాలని నియమం పెట్టాడు. జీతగాడు చెప్పే సువార్త కాదు, కూలికి పోయినవాడు కూలిలోనే చెప్పే సువార్త. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్క కుండలో వేసి ఆదివారం గుడికి తెచ్చే అలవాటును ఆయన సంఘాల్లో ప్రాణంగా పెంచాడు. నేటికీ ఖమ్మం, మహబూబాబాద్ పల్లెల్లో ముసలమ్మలు ఆ కుండను మరిచిపోరు. డోర్నకల్‌లో గుమ్మటాలూ, మినార్లూ, రాతి స్తంభాలూ కలిపి కట్టిన గుడిని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1945 మొదటి రోజున అజరయ్య కన్నుమూసేనాటికి డయాసిస్‌లో రెండు లక్షల పైచిలుకు మంది ఉన్నారు.

ఆ రెండు లక్షల్లో చాలావరకు మాలలు, మాదిగలు. మైదానంలో అది అద్భుతమే. తెలంగాణ పల్లెలో వెట్టి మోసిన వాడలు మొత్తంగా లేచి నిలబడ్డాయి. ఒక్కొక్కరుగా కాక వాడగా, బంధువర్గంగా వచ్చారు కాబట్టే ఎవరూ వేరు తెంపుకోవాల్సిన పని పడలేదు. అజరయ్యకు ఈ రహస్యం బాగా తెలుసు. అడవిలో కోయలకు కావలసింది సరిగ్గా అదే, ఊరుగా రావడం, ఊరుగా ఉండడం. కానీ మైదానం అంత పెద్దదిగా పిలుస్తున్నప్పుడు, పాదిరులు తక్కువైనప్పుడు, గట్టున ఉన్న చిన్న మిషన్‌కు కోయ నేర్చిన మనిషిని ఎవరు పంపుతారు? లెక్కలు మైదానాన్ని చూపించాయి. మిషన్ పేరులో ఉన్న జాతి లెక్కల్లో లేకుండా పోయింది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దుమ్ముగూడెం మిగతా పాస్టరేట్లలో ఒక పాస్టరేటుగా ఉండిపోయింది. కోయ మిషన్ అన్న మాట మెల్లగా నోళ్లలోంచి జారిపోయింది.

తర్వాతి దశాబ్దాల్లో అడవి చుట్టూ మైదానం కమ్ముకొచ్చింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. అదే ఏడాది భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిచేస్తూ 1970లో ఒకటి బై డెబ్బై వచ్చాయి. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదన్నది చట్టం. పొగాకు, మిర్చి వేసుకునేవాళ్లు పోటెత్తి వచ్చిన నేలలో ఆ చట్టం లేకపోతే కోయకు గుడిసె చోటు కూడా మిగిలేది కాదు. కానీ ఒకే గుడిలో పక్కపక్కన కూర్చునే మనుషుల మధ్య అది గీత గీసింది. దానికితోడు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. బాప్తిస్మం పుచ్చుకున్న కోయ ఎస్టీగానే ఉంటాడు. బాప్తిస్మం పుచ్చుకున్న మాల ఎస్సీ కాకుండా పోయి బీసీ-సి అవుతాడు. స్కాలర్‌షిప్ దగ్గర, ఉద్యోగం దగ్గర, ఎన్నికల్లో వార్డు దగ్గర అదే తేడా. అందుకే సంఘం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. ఆదివారం అందరి ముందు ఒప్పుకున్న విశ్వాసాన్ని సోమవారం తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద మింగుకోవాలి. తండ్రి చెయ్యి తలమీద పెట్టుకుని పలికిన మాటను కొడుకు సర్టిఫికెట్ కోసం దాచుకుంటున్నాడు. ఆ కొడుకును తప్పుపట్టే నోరు నాకు లేదు. ఇద్దరు బిడ్డల కాలేజీ ఫీజు ఆ కాగితం మీద ఆధారపడి ఉంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ సాక్ష్యమే ప్రాణంగా పెట్టుకున్న సంఘానికి ఇంతకంటే లోతైన గాయం నాకు కనిపించదు.

గోదావరి కూడా ఊరుకోలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు లేచింది, 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక వేసే ఊరది. ఒడ్డు ఊళ్లలో మట్టి గోడల గుళ్లు, గుళ్లలోని రిజిస్టర్లు, పాటల పుస్తకాలు వరదకు నానిపోతే వాటితో పాటు ఒక సంఘపు జ్ఞాపకం కూడా పోతుంది. ఇప్పుడు పాత ఆనకట్టకు కాస్త దిగువనే సీతమ్మసాగర్ బ్యారేజీ లేస్తోంది.

ఇక 2014లో పోలవరం ముంపు కోసం భద్రాచలం పట్టణాన్ని తెలంగాణకు వదిలి చుట్టూ ఉన్న కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు, భద్రాచలం గ్రామీణం, బూర్గంపాడులో కొంత ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. పాత రేకపల్లి అంతా అటు పోయింది. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం ముంపు జాబితాలో ఉంది. ఈ ఊళ్లలో కోయలూ, దళితులూ చిన్న చిన్న ప్రార్థన మందిరాల్లో కలిసి కూర్చునే చోట్లు ఉన్నాయి. హేగ్, రాజు కలలుగన్నంత పెద్దవి కావు. అయినా వాళ్లు కోరుకున్న కలయికే. పునరావాసం వచ్చేసరికి దరఖాస్తులు రెండు కట్టలయ్యాయి. గిరిజనులకు భూమికి భూమి ఇవ్వాలి, అదీ ఏజెన్సీలోనే. గిరిజనేతరులకు ఏజెన్సీలో భూమి ఇవ్వడానికి చట్టం ఒప్పదు, వాళ్లకు డబ్బు, వేరేచోట కాలనీ. 2011 జనగణనలో కోయ తమ మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు ఉన్నారు. వాళ్లలో ముంపు ఊళ్లవాళ్లు ఒక కాలనీకి, వాళ్ల పక్కన కూర్చుని ప్రార్థించిన దళిత కుటుంబాలు మరో కాలనీకి పోవాలి. మందిరానికి గోడల కొలత ప్రకారం నష్టపరిహారం లెక్కగడతారు. ఆ సంఘం కలిసి ఉండాలని అడిగే గడి ఆ దరఖాస్తులో లేదు.